బడి వాట్సాప్ గ్రూపు: హెచ్‌ఎంలు, టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ బడులను, ఊళ్లలో నడిచే చిన్న ప్రైవేటు బడులను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. సొంత యాప్, దాన్ని చూసుకునే మనుషులు ఉన్న కార్పొరేట్ స్కూళ్ల సంగతి వేరు. మన దగ్గర బడికీ ఇంటికీ మధ్య సోషల్ మీడియా అంటే చాలావరకు వాట్సాపే కాబట్టి ఎక్కువ మాట దాని గురించే ఉంటుంది.

మా బడికి వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టా అన్నీ ఉండాలా?

అక్కర్లేదు. తల్లిదండ్రులకు కబురు చేరడానికి ఒక్కటి చాలు. అది ఇప్పటికే వాళ్ల ఫోన్లో ఉన్నదై ఉండాలి. పొద్దున్నే మిరపకోతకు పోయే తల్లి మీ బడి కోసం కొత్త యాప్ వేసుకుని, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని రోజూ తెరిచి చూడదు. వాట్సాప్ అయితే మేనకోడలి పెళ్లి ఫోటోల కోసమైనా తెరుస్తుంది.

ఒకే సంగతి నాలుగుచోట్ల పెడితే నాలుగు రకాలుగా తయారవుతుంది. ఫేస్‌బుక్‌లో సమావేశం పదింటికి, గ్రూపులో పదిన్నరకి, గోడమీద కాగితంలో తేదీయే వేరు. బడి అధికారిక మాట ఎక్కడ వస్తుందో ఒక చోటు ఖాయం చేసి, జూన్‌లో బడి తెరిచిన మొదటి సమావేశంలోనే చెప్పేయండి. నోటీసు బోర్డు మీద కూడా రాసి పెట్టండి.

గ్రూపు, కమ్యూనిటీ, ఛానెల్, బ్రాడ్‌కాస్ట్... వీటిలో ఏది పెట్టుకోవాలి?

వంద, నూటయాభై మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఒక గ్రూపు చాలు. హైస్కూలుకైతే తరగతికో గ్రూపు పెట్టి, అన్నిటినీ ఒక కమ్యూనిటీ కింద కలపడం మేలు. వాట్సాప్‌లో ఈ సదుపాయం 2022 నవంబరు నుంచి ఉంది. హెచ్‌ఎం ఒక్కసారి ప్రకటన పెడితే అన్ని తరగతుల వాళ్లకూ వెళ్తుంది. ఏడో తరగతి సైన్సు పరీక్ష సంగతి ఏడో తరగతి వాళ్లకే పోతుంది. ఒక గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కాబట్టి మామూలు బడికి జాగా కొరత రాదు.

గ్రూపుతో అసలు చిక్కు ఫోన్ నంబర్లు. సభ్యులందరివీ అందరికీ కనబడతాయి. చేరిన వారం తిరక్కుండానే ఎవరో చీరల ఫోటోలు విడిగా పంపడం, రాత్రి పదింటికి ముక్కూమొహం తెలియని వాడు "హాయ్" అనడం తల్లులు తరచూ చెప్పే ఫిర్యాదు. ఈ భయానికే కొందరు తమ నంబరు కాకుండా భర్త నంబరు ఇస్తారు. ఆ భర్త లారీ డ్రైవరైతే బడి కబురు నాగ్‌పూర్ హైవే మీద ఆగిపోతుంది. కమ్యూనిటీ ప్రకటనల విభాగంలో మామూలు సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. అందుకని నంబరు బయటపడటం ఇష్టం లేని వాళ్లను తరగతి గ్రూపులోకి లాగకుండా ప్రకటనల్లో మాత్రమే ఉంచండి.

బడి పెట్టింది మిగతావాళ్లు చూసే వాట్సాప్ ఛానెల్ మన దేశానికి 2023 సెప్టెంబరులో వచ్చింది. అక్కడా నంబర్ల గొడవ లేదు. కానీ లింకు దొరికిన ఎవరైనా చూడొచ్చు. అడ్మిషన్లు, వార్షికోత్సవం, సెలవులు లాంటి ఊరంతా తెలియాల్సినవే అందులో పెట్టాలి. పిల్లల పేర్లున్న ఏ కాగితమూ పెట్టకూడదు.

ఇక ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు. 256 మందికే పరిమితం, పైగా మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుంది. చేసుకోని వాళ్లకు చేరలేదన్న సంగతి ఎవరూ మీకు చెప్పరు. దాన్ని నమ్ముకోకండి.

గ్రూపులో అందరూ రాయొచ్చా?

వద్దు. అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగ్ పెట్టేయండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. గుడ్ మార్నింగులు, దేవుడి పటాలు, పుట్టినరోజు కేకులు, పార్టీ మీటింగుల వీడియోలు వచ్చిపడుతుంటే జనం గ్రూపును మ్యూట్‌లో పెడతారు. మ్యూట్ అయిన గ్రూపులో "రేపు ఎనిమిదింటికి టీకాలు" అన్న ముక్క ఎవరికీ కనబడదు.

మరి మా మాట వినేదెవరని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి బడి నంబరుకు విడిగా మెసేజ్ చేసే వీలు ఇవ్వాలి, ఎప్పటిలోగా జవాబొస్తుందో కూడా చెప్పాలి. "సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య చూస్తాం" అంటే చాలు, మాట మీద నిలబడాలి. అభిప్రాయం కావాల్సిన చోట పోల్ పెట్టండి, 12 ఆప్షన్ల వరకు ఇవ్వొచ్చు. అయితే గ్రూపు పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనబడుతుంది. పిక్నిక్ ఏ రోజు పెట్టుకుందామన్నదానికి బాగుంటుంది. "టీచర్ బాగా చెప్తున్నారా" అన్నదానికి పనికిరాదు.

టీచర్ సొంత నంబరుతో నడిపితే ఏమవుతుంది?

బదిలీల సీజన్‌లో తెలుస్తుంది. గ్రూపు పెట్టిన సారు వేరే మండలానికి వెళ్లిపోతారు, గ్రూపు ఆయన ఫోన్లోనే ఉండిపోతుంది. కొత్తాయన ఇంకో గ్రూపు పెడతారు. సగం మంది పాతదాంట్లో, సగం మంది కొత్తదాంట్లో ఉండిపోతారు. లేడీ టీచర్లకైతే వేళాపాళా లేని కాల్స్ అదనపు టెన్షన్.

బడి పేరున ఒక సిమ్ తీసుకుని, మామూలు స్మార్ట్‌ఫోన్‌లో వేసి ఆఫీసు గదిలో ఉంచండి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. బడి వేళలు దాటాక ఎవరైనా మెసేజ్ పెడితే "రేపు ఉదయం చూస్తాం, అర్జెంటైతే ఫలానా నంబరుకు కాల్ చేయండి" అని అదే జవాబిస్తుంది. టూ స్టెప్ పిన్ (ఆ నంబరుతో ఇంకో ఫోన్లో వాట్సాప్ తెరవాలంటే అడిగే అంకెలు) పెట్టి, హెచ్‌ఎంకూ ఇంకో టీచరుకూ తెలిసేలా ఉంచండి. రీఛార్జి ఎప్పుడు అయిపోతుందో గోడ క్యాలెండర్ మీద రాయండి. ఇది చిన్న సంగతి కాదు, నంబరు ఆగిపోతే గ్రూపంతా మూగబోతుంది.

అడ్మిన్లు కనీసం ముగ్గురుండాలి. అందులో ఒకరు బడి యాజమాన్య కమిటీలోని తల్లి అయితే బాగుంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాగితం మీద ఉన్న ఆ కమిటీకి నిజంగా ఒక పని దొరుకుతుంది.

మెసేజ్ ఎలా రాయాలి?

ముందు ఎలా రాయకూడదో చూడండి:

"ఇందుమూలముగా యావన్మంది విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, పై అధికారుల ఉత్తర్వుల మేరకు మన పాఠశాల ప్రాంగణమునందు తల్లిదండ్రుల సమావేశము నిర్వహించబడును గావున అందరూ విధిగా హాజరు కావలసినదిగా కోరడమైనది."

ఇంత చదివినా ఎప్పుడు, ఎన్నింటికి, ఎంతసేపు, ఏమైనా తేవాలా అన్నది తెలియదు. అదే కబురు ఇలా ఉంటే:

"శనివారం 14వ తేదీ, ఉదయం 10 గంటలకు బడిలో తల్లిదండ్రుల మీటింగు. గంటన్నరలో అయిపోతుంది. మీ పిల్లల పరీక్ష పేపర్లు మీకే చూపిస్తాం. అమ్మ గానీ నాన్న గానీ నానమ్మ తాతయ్య గానీ ఎవరొచ్చినా సరే. ఆ రోజు రాలేని వాళ్లు సోమవారం సాయంత్రం 4 గంటలకు రావచ్చు. - హెచ్‌ఎం"

కూలికి పోయే మనిషికి "గంటన్నరలో అయిపోతుంది" అన్న ముక్క చాలా ముఖ్యం. పూట కూలి పోతుందా, రోజు కూలి పోతుందా అన్న లెక్క దాన్నిబట్టే వేసుకుంటారు. "ఎవరొచ్చినా సరే" అన్నదీ అంతే. తల్లిదండ్రులు వలస పోయి ముసలివాళ్ల దగ్గర పెరుగుతున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

ఒక మెసేజ్‌లో ఒకే సంగతి. మొదటి లైన్లోనే రోజు, తేదీ, టైము. "రేపు" అని మాత్రమే రాస్తే ఆ మెసేజ్‌ను మర్నాడు చూసినవాళ్లు ఇంకో రోజు ఆగి వస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయకండి. చదవడం కష్టం, పైగా మన పిల్లలకు తెలుగు నేర్పే బడి నుంచి అలా రావడం బాగుండదు. కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులో అదే టైపవుతుంది.

డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులర్ పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకోవడం మనకు బాగా అలవాటు. దాన్ని తెరిచేవాళ్లు తక్కువ, తెరిచినా అర్థమయ్యేది ఇంకా తక్కువ. అందులో తల్లిదండ్రులకు పనికొచ్చే రెండు వాక్యాలు మీరే రాసి, కింద కావాలంటే పీడీఎఫ్ పెట్టండి. నెల రోజులు గుర్తుండాల్సిన మెసేజ్ ఉంటే పిన్ చేయండి. మూడు మెసేజ్‌ల దాకా పిన్ చేయొచ్చు, ఎక్కువలో ఎక్కువ 30 రోజులు గ్రూపు పైభాగంలో నిలుస్తాయి.

చదువు రాని తల్లిదండ్రులకు ఎలా?

వాయిస్ మెసేజ్ పెట్టండి. రాసింది పెట్టాక అదే సంగతిని అరనిమిషంలో చెప్పి పంపండి. "అమ్మా, నేను హైస్కూలు నుంచి తెలుగు టీచర్ని మాట్లాడుతున్నా. బుధవారం పిల్లలకు కళ్ల పరీక్షలున్నాయి. అద్దాలున్న పిల్లలుంటే మర్చిపోకుండా పెట్టి పంపండి." ఇంతే. నిమిషం దాటితే వినరు.

తెలుగొక్కటే సరిపోని బడులు మనకు చాలా ఉన్నాయి. ఉట్నూరు వైపు గోండి, భద్రాచలం చుట్టూ కోయ, సీతంపేట ఏజెన్సీలో సవర, హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ. ఆ భాష ఇంట్లో మాట్లాడే టీచరో, కమిటీ సభ్యురాలో, పదో తరగతి పిల్ల తల్లో ఒకరుంటే ఆ అరనిమిషం ఆమె గొంతుతోనే పంపించండి. అనువాద యాప్‌లో వేసి తీసింది పెట్టకండి. భాష తెలిసినవాళ్లు నవ్వుకుంటారు, లేదా నొచ్చుకుంటారు.

స్మార్ట్‌ఫోనే లేని వాళ్లు, రీఛార్జి లేని వాళ్ల సంగతేంటి?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనికి జవాబు లేని బడికి ఎంత మంచి గ్రూపున్నా లాభం లేదు. "గ్రూపులో పెట్టాం కదా, చూసుకోవాలి" అనడం బడికి సులువు. కానీ చూసుకోలేని ఇల్లే బడి సాయం ఎక్కువ అవసరమున్న ఇల్లు. ఆ పిల్లకే స్కాలర్‌షిప్ ఫారం గడువు దాటిపోతుంది, ఆ పిల్లాడే ఫోటోలు తేలేదని నిలబడతాడు.

జూన్‌లో హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఒక జాబితా రాయండి. ఎవరింట్లో ఎవరి దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది, అది పగలు ఇంట్లో ఉంటుందా, బటన్ ఫోనేనా, అసలు ఫోనే లేదా? చాలా ఇళ్లలో ఫోన్ ఇంటర్ చదివే అన్న చేతిలో ఉంటుంది. బడి మెసేజ్ చూసినా అమ్మకు చెప్పాలన్న ధ్యాస వాడికి ఉండదు. నలభై మంది తరగతిలో ఇలాంటి ఇళ్లు ఎన్నో తేలాక మిగతా పని అంత కష్టం కాదు. వాళ్లకు మాత్రం కాల్ చేయాలి, లేదా పిల్లల చేతికి చీటీ ఇచ్చి సంతకమో వేలిముద్రో చూడాలి. పక్కింట్లో ఉండే ఇంకో తల్లికి "వాళ్లకూ ఒకమాట చెప్పమ్మా" అని అప్పగించడమూ పనిచేస్తుంది, ముందు ఆ ఇద్దరికీ పడుతుందో లేదో కనుక్కోండి.

గ్రూపులో పెట్టిన మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే ఎవరికి చేరింది, ఎవరు చదివారు అన్నది వస్తుంది. మూడు నాలుగు రోజులైనా చేరని నంబరంటే రీఛార్జి అయిపోయి ఉండొచ్చు, సిమ్ మారి ఉండొచ్చు. నెలకొకసారి ఆ పేర్లు తీసి జాబితాలో కలపండి. బ్లూ టిక్ పడిందని సంబరపడటం కంటే పడని వాళ్లెవరో చూడటం మేలు.

పెద్ద వానలప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను బుడమేరు, ఖమ్మాన్ని మున్నేరు ముంచినప్పుడు చూశాం. కరెంటు లేని ఇంట్లో ఫోన్ ఛార్జింగ్ ఎంతసేపుంటుంది? అలాంటి రోజున వాట్సాప్‌తో పాటు మామూలు ఎస్సెమ్మెస్, వీలైతే పంచాయతీ మైకు కూడా వాడాలి.

నాన్న గల్ఫ్‌లో ఉన్నారు. ఆయన్ను గ్రూపులో చేర్చుకోవచ్చా?

తప్పకుండా. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు, ఇటు రాయచోటి, కోనసీమల్లో ఇది మామూలు సంగతి. ఇక్కడి ఇళ్లకు ఫోనే ఆధారం. అమ్మ కువైట్‌లో ఉండి పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్న ఇళ్లూ ఉన్నాయి. అక్కడి నంబరునే గ్రూపులో చేర్చండి. ఇక్కడ పిల్లను చూసుకునే మనిషి నంబరు కూడా ఉండాలి.

మన టైము కువైట్, సౌదీల కంటే రెండున్నర గంటలు, దుబాయ్ కంటే గంటన్నర ముందుంటుంది. మీటింగులో వీడియో కాల్ చేసి పిల్లాడి పేపర్లు చూపిద్దామనుకుంటే ముందే టైము అడగండి. దుబాయ్ వైపు వాట్సాప్‌లో కాల్స్ కలవవు, మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు వెళ్తాయి. పిల్లాడు చదివిన పద్యాన్ని రికార్డు చేసి వాళ్ల నాన్నకు విడిగా పంపడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఏడాదికి ఒక్కసారి పంపినా ఆయన దాచుకుంటాడు.

పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టొచ్చా?

జూన్‌లోనే అడిగి రాయించుకున్న తల్లిదండ్రుల పిల్లలవి పెట్టొచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల వ్యక్తిగత వివరాలను డిజిటల్‌గా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఒకరి పిల్ల ఫోటో ఊరందరికీ చూపే ముందు అడగడం మర్యాద.

సమ్మతి కాగితంలో అన్నిటికీ కలిపి ఒకే సంతకం వద్దు. తరగతి గ్రూపుకు ఒకటి, ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటి బయటి చోట్లకు వేరొకటి. గ్రూపుకు సరేనని ఫేస్‌బుక్‌కు వద్దనే వాళ్లు చాలామంది ఉంటారు. భర్తతో గొడవపడి ఎక్కడున్నదీ తెలియకుండా పుట్టింట్లోనో, వేరే ఊళ్లోనో ఉంటున్న తల్లికి, బడి యూనిఫాంలో కూతురి ఫోటో బయట కనబడితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. అలాంటి వాళ్లు కారణం చెప్పరు, వద్దని మాత్రమే అంటారు. ఎందుకని అడగొద్దు.

సమ్మతి ఉన్నా ఫోటో కింద పూర్తి పేరు, తరగతి, ఊరు రాయకండి. గుంపు ఫోటోలు మేలు. మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లెం చేతబట్టుకుని వరుసలో నిలబడ్డ పిల్లల ఫోటో, దాతలు బూట్లు ఇస్తుంటే చేతులు చాపిన ఫోటో నా ఉద్దేశంలో ఎప్పుడూ పెట్టకూడదు. దాతను సంతోషపెట్టాలనుకుంటే బూట్ల డబ్బాల ఫోటో తీయండి.

ఏదైనా కేసులో ఉన్న పిల్లల సంగతి మరీ జాగ్రత్త. నేరానికి గురైన పిల్లలైనా, కేసులో చిక్కుకున్న పిల్లలైనా వాళ్ల పేరు, ఫోటో, బడి పేరు సహా గుర్తుపట్టే వివరాలేవీ బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ అంటోంది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలోనూ ఇలాంటి నిబంధన ఉంది. "ధైర్యంగా ఉండు తల్లీ" అని జాలితో పెట్టిన పోస్టు కూడా ఇందులోకే వస్తుంది.

మార్కులు, ఫీజు బకాయిలు గ్రూపులో పెడితే తల్లిదండ్రులు త్వరగా స్పందిస్తారు కదా?

స్పందిస్తారు, అవమానంతో. ఒక ప్రైవేటు బడి వాళ్లు ఫీజు కట్టని వాళ్ల పేర్లు ఎర్ర రంగు వేసి గ్రూపులో పెట్టారు. మా బంధువులమ్మాయి మర్నాడు బడికి పోనని మొండికేసింది. ఫీజు వాళ్ల నాన్న అంతకుముందు రోజే కట్టాడు, లిస్టు పాతది.

మార్కులు, ఫీజు, హాజరు, ప్రవర్తన, ఆరోగ్యం: ఇవి ఒక ఇంటికి సంబంధించినవి, ఆ ఇంటికే విడిగా చెప్పాలి. ఇంకా ఘోరం ఎక్సెల్ షీట్లు. పథకాల కోసం పేర్లు సరిచూసుకోమని ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, కులం గడులతో సహా తరగతి మొత్తం షీటును గ్రూపులో వేస్తుంటారు. "మీ వివరాల్లో తప్పుంది, రేపు ఆఫీసుకు రండి" అని పది మందికి విడిగా మెసేజ్ పెట్టడానికి పదినిమిషాలు పడుతుంది.

ఏ వేళలో పంపాలి?

పల్లెల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. పనులనుంచి వచ్చి, ఫోన్ చేతిలోకి తీసుకునే టైము. రాత్రి తొమ్మిది దాటాక వద్దు. పొద్దున్నే ఆరింటికి "ఈరోజు తెల్ల యూనిఫాం" అని పెడితే తడిసిన చొక్కా ఇస్త్రీ చేసే తల్లి తిట్టుకుంటుంది. టీచర్లు కూడా వేళ దాటాక జవాబివ్వక్కర్లేదు. ఆ మాట మొదటి మీటింగులోనే చెప్పేస్తే ఎవరికీ కోపం రాదు.

వానలొస్తే సెలవంటూ రకరకాల మెసేజ్‌లొస్తాయి. ఏది నమ్మాలి?

బడి గ్రూపులో అడ్మిన్ పెట్టింది మాత్రమే నమ్మండి. ఏటా వానాకాలంలో నిరుటి సర్క్యులర్ తేదీ మార్చి తిప్పుతారు, లేదా పక్క జిల్లా కలెక్టర్ ఇచ్చిన సెలవును మన జిల్లాదని చెబుతారు. టీవీలో "సెలవు" అని పెద్దక్షరాలు, కింద ఎక్కడో జిల్లా పేరు చిన్నక్షరాలు.

టీచర్లు కూడా ఎంఈవో (మండల విద్యాధికారి) నుంచి ధ్రువీకరణ వచ్చేదాకా ఏదీ ఫార్వర్డ్ చేయకూడదు. అయితే మౌనంగానూ ఉండకండి. "సెలవుపై ఇంకా ఉత్తర్వు రాలేదు, రాత్రి 8 లోపు చెప్తాం" అని ఒక ముక్క పెడితే యాభై కాల్స్ తప్పుతాయి.

పథకం డబ్బుల పేరుతో లింకులు వస్తున్నాయి. ఏం చేయాలి?

నొక్కకండి. ఏపీలో తల్లికి వందనం లాంటి పథకాల డబ్బు పడే రోజుల్లో, అడ్మిషన్ల రోజుల్లో ఇలాంటివి ఎక్కువవుతాయి. "లిస్టులో మీ పేరు చూసుకోండి" అంటూ వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ వేసే ఫైల్) ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్లోని మెసేజ్‌లు, ఓటీపీలు మోసగాడి చేతికి పోతాయి. తెలిసిన నంబరు నుంచి వచ్చినా నమ్మకండి, ఆ ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. బడి ఎప్పుడూ ఓటీపీ అడగదు, ఏపీకే పంపదు. ఈ రెండు ముక్కలు గ్రూపు వివరణలో శాశ్వతంగా రాసిపెట్టండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత ఆశ ఉంటుంది.

ప్రభుత్వ వాట్సాప్ సేవలున్నాయి కదా, బడి గ్రూపు ఎందుకు?

రెండూ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మొదలైన మన మిత్రలో 95523 00009 నంబరుకు మెసేజ్ పెడితే ప్రభుత్వ సేవలు దొరుకుతాయి. ఆ ఏడాది పదో తరగతి ఫలితాలు కూడా అందులో ఇచ్చారు. సర్టిఫికెట్లకు, ఫలితాలకు అది బాగుంది. మీ అబ్బాయికి మధ్యాహ్నం జ్వరం వచ్చిందని మాత్రం అది చెప్పలేదు.

పిల్లల్నే గ్రూపులో చేర్చి హోంవర్క్ పెట్టొచ్చా?

చిన్న తరగతులకు వద్దు. వాట్సాప్ నిబంధనల ప్రకారమే 13 ఏళ్లు నిండాలి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ టీవీ ఛానెళ్లలో పాఠాలు వచ్చిన రోజుల్లో వేరే దారి లేక పిల్లల చేతికి ఫోనిచ్చాం. ఆ అవసరం తీరిపోయినా అలవాటు మిగిలింది. హోంవర్క్ బోర్డు మీద రాయండి, పిల్లలు డైరీలో రాసుకుంటారు. గ్రూపులో పెడితే ఆ వంకతో ఫోన్ తీసుకుంటారు, తర్వాత రీల్స్‌లో తేలతారు.

తొమ్మిది, పది తరగతులకు తప్పదనుకుంటే కనీసం ఇద్దరు టీచర్లు అడ్మిన్లుగా, తల్లిదండ్రుల నంబర్లతోనే పెట్టండి. టీచర్ ఏ విద్యార్థితోనూ విడిగా చాటింగ్ చేయకూడదన్న నియమం ఉండాలి. అది పిల్లలకూ రక్షణ, టీచరుకూ రక్షణ.

గ్రూపులో ఎవరైనా తప్పుడు పోస్టు పెడితే అడ్మిన్ మీద కేసవుతుందా?

సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ అన్న ఒక్క కారణంతో బాధ్యుణ్ని చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు తీర్పులిచ్చాయి. అలాగని చూస్తూ ఊరుకోవద్దు. అడ్మిన్‌కు ఎవరి మెసేజ్‌నైనా అందరి ఫోన్లలోంచి తీసేసే వీలుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, తీసేసి, పెట్టిన మనిషికి ఫోన్ చేసి మాట్లాడండి. గ్రూపులో మందలిస్తే పంతం పెరుగుతుంది.

పిల్లాడికి దెబ్బ తగిలితే, ఏదైనా గొడవ జరిగితే గ్రూపులో చెప్పాలా?

ముందు ఆ తల్లిదండ్రులకు కాల్. వాళ్లతో మాట్లాడాకే మిగతావాళ్లకు, అదీ పేరు లేకుండా. ఊళ్లో పుకారు లేచిందని తెలిస్తే ఆలస్యం చేయకండి: "ఆటల పీరియడ్‌లో ఒక విద్యార్థికి చేతికి దెబ్బ తగిలింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం, తల్లిదండ్రులు దగ్గరే ఉన్నారు. మిగతా పిల్లలంతా తరగతుల్లో ఉన్నారు." చివరి వాక్యం కోసమే అందరూ ఎదురుచూస్తుంటారు. పిల్లలపై వేధింపుల అనుమానమైతే గ్రూపు మాటే ఎత్తొద్దు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, పోలీసులున్నారు.

ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్, రీల్స్ దేనికి పనికొస్తాయి మరి?

బడిలో పిల్లల్ని చేర్చాలా వద్దా అని ఆలోచించే వాళ్లకు, పూర్వ విద్యార్థులకు, దాతలకు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న పాత విద్యార్థి తన బడి గోడ కూలిందని ఫేస్‌బుక్‌లో చూసి డబ్బు పంపడం మనకు తెలిసిందే. వార్షికోత్సవం వీడియో తల్లిదండ్రులకే చూపాలంటే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి, లింకు గ్రూపులో ఇవ్వండి. వెతికితే దొరకదు, అయితే లింకు ఫార్వర్డ్ అయితే ఎవరైనా చూడొచ్చు. కామెంట్లు ఆపేయండి. సినిమా పాట ట్రెండింగ్‌లో ఉందని ఐదో తరగతి పిల్లలతో రీల్ చేయించడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఏడాది చివర్లో గ్రూపును ఏం చేయాలి?

ఏప్రిల్ ఆఖర్లో పదో తరగతి గ్రూపులో టీసీ, మెమో ఎప్పుడిస్తారో చెప్పి, అవి తీసుకునేదాకా ఉంచి, తర్వాత మూసేయండి. కింది తరగతుల గ్రూపుల పేర్లు జూన్‌లో మార్చండి, బడి మారిన పిల్లల తల్లిదండ్రుల నంబర్లు తీసేయండి. బడి ఫోన్లో పోగైన పిల్లల ఫోటోలు, ఆధార్ స్కాన్‌లు, మార్కుల షీట్లు అవసరమైనవి ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్లోంచి చెరిపేయండి. బదిలీ అయ్యే హెచ్‌ఎం ఛార్జ్ అప్పగించే కాగితంలో తాళాలు, రిజిస్టర్లతో పాటు బడి సిమ్, ఫోన్, పిన్ కూడా ఒక లైనుగా రాయాలి.